తెనాలి నుంచి రెండు తీరాలు

తెనాలి జంక్షన్‌లో సముద్రం వైపు పోయే రైలు దారులు రెండు. ఒకటి మద్రాసు మెయిన్‌లైను. చుండూరు, మోదుకూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా బాపట్ల చేరుతుంది. 1899లో విజయవాడకూ మద్రాసుకూ రైలు సంబంధం కలిపిన దారి ఇది. రెండోది 1916లో వేసిన రేపల్లె బ్రాంచి లైను. జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన దాటి రేపల్లెలో ఆగిపోతుంది. ఆపైన పట్టాలు లేవు. కృష్ణ ఉంది, మడ అడవి ఉంది, సముద్రం ఉంది.

ఈ రెండు దారుల మీదే నా ఉద్యోగ జీవితం నడుస్తోంది. కాపురం తెనాలిలో, వృక్షశాస్త్ర పాఠాలు బాపట్లలో, అమ్మ ఉండేది రేపల్లెలో. వారమంతా ఒక లైను, ఆదివారం ఇంకో లైను. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని, దిద్దాల్సిన జవాబు పత్రాలు సంచిలో పెట్టుకుని స్టేషన్‌కు చేరితే, ప్లాట్‌ఫారం మీద సీజన్ టికెట్ల వాళ్లందరూ అప్పటికే నిలబడి ఉంటారు. బ్యాంకు ఉద్యోగులు, నర్సులు, బడిపంతుళ్లు, ఇంజనీరింగ్ పిల్లలు. ఎవరి పెట్టె వారిది, ఎవరి కిటికీ వారిది. రైలు కదిలాక కొందరు కునుకు తీస్తారు, కొందరు ఫోను చూస్తారు. నేను రెండు పేపర్లు దిద్ది పక్కన పెట్టేస్తాను. చుండూరు దాటాక కిటికీ నన్ను పేపర్లు దిద్దనివ్వదు.

ప్రకృతి వింతలంటే హిమాలయాలకో, అమెజాన్ అడవులకో పోవాలనుకుంటారు చాలామంది. అవి చూడవలసినవే. అయితే కొన్ని వింతలు ఒక్కసారి చూస్తే అర్థం కావు. అదే పొలాన్ని, అదే కాలువ గట్టును, అదే తాటిచెట్టును ఏడాది పొడుగునా చూసినవాళ్లకే అవి పట్టుబడతాయి. రోజూ ఒకే వేళకు, ఒకే దారిన, ఒకే ఎత్తున కూర్చోబెట్టి తిప్పే రైలుపెట్టె కంటే మంచి ప్రయోగశాల నాకు ఇంతవరకూ దొరకలేదు.

కాలువకు నీళ్లొచ్చిన రోజు

మే నెలలో తెనాలి కాలువలు చూస్తే దిగులేస్తుంది. ఊరి మధ్యగా పోయే మూడు కాలువలూ అడుగంటి, నాచు పట్టిన బురద తేలి, మోకాలి లోతు మడుగుల్లో పిల్లలు చేపలు పడుతుంటారు. జూన్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర గేట్లెత్తుతారు. నీరు సీతానగరం నుంచి బయల్దేరి దుగ్గిరాల చేరి, అక్కడ లాకుల దగ్గర పాయలుగా చీలి, ఒక్కో ఊరినే తడుపుకుంటూ కిందికి వస్తుంది. మొదట వచ్చేది ఎర్రటి నీరు. దాని ముందు ఎండుటాకులు, నురగ, చెత్తా కొట్టుకొస్తాయి. వెనకే పక్షులు వస్తాయి.

ఈ నీటి కథ 1852లో మొదలైంది. ఆర్థర్ కాటన్ ఆలోచన మీద కెప్టెన్ ఓర్ విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టడం ప్రారంభించి 1855కు పూర్తి చేశాడు. దాదాపు వందేళ్లు నిలిచిన ఆ ఆనకట్ట 1952లో తెగిపోయింది. దాని ఎగువన కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో అందుబాటులోకి వచ్చింది. నదికి రెండు వైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాలు ఈ నీటి మీదే పండుతున్నాయి. ఒండ్రును వేల ఏళ్లుగా నది తెచ్చి పోసింది. ఆ ఒండ్రు మీద నీటిని చేనుచేనుకూ పంచింది మనిషి. కిటికీలోంచి కనిపించే పచ్చదనంలో రెండు చేతుల పనీ ఉంది.

దమ్ము చేసిన మళ్లలో ముందుగా దిగేది ముక్కు మధ్య సందున్న కొంగ. రెండు దవడలూ మొదట్లోనూ చివరనూ కలుస్తాయి, నడుమ మాత్రం వెలుతురు కనబడేంత ఖాళీ. మొదటిసారి చూసినవాళ్లు పాపం దాని ముక్కు వంకరపోయిందనుకుంటారు. దాని తిండి చూస్తే ఆ సందు ఎందుకో తెలుస్తుంది. బురదలో నత్తగుల్లను వెతికి పట్టి, కింది దవడ మొనను గుల్ల మూతి లోపలికి దూర్చి, నత్తను గుల్లకు అంటిపెట్టుకున్న కండరాన్ని కోసేస్తుంది. గుల్ల పగలదు. మెత్తటి నత్త మాత్రం బయటికొస్తుంది. నాట్ల కాలంలో మోదుకూరు చేలల్లో అవి బారులు తీరి నిలబడి, ట్రాక్టరు కదిలిన దిక్కుకల్లా కదులుతుంటాయి. వరి పిలకలను కొరికే నత్తలను ఏరేస్తున్నాయి గనుక రైతు వాటిని అదిలించడు.

గుంటూరు–తెనాలి లైనుకు దగ్గరలోనే ఉప్పలపాడు ఉంది. ఆ ఊరి చెరువులోని తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు కిక్కిరిసి గూళ్లు పెడతాయి. సాయంత్రం తిరుగు రైల్లో ఉన్నప్పుడు తెనాలి మీదుగా ఆ గూడబాతుల గుంపు ఒకటి వెళ్లిందంటే పెట్టెలో పేకాట కూడా ఒక్క నిమిషం ఆగుతుంది.

తాటికొనన ఇల్లు కట్టే పక్షి

జులై, ఆగస్టు నెలల్లో అప్పికట్ల దగ్గర పట్టాల పక్కన తాటిచెట్లను చూడండి. నీటి మీదికి వాలిన మట్టల చివర్ల నుంచి గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. రోజూ చూస్తే వాటి కట్టుబడి మొత్తం కళ్ల ముందే జరుగుతుంది.

ఇల్లు కట్టేది మగ పక్షి. వరి ఆకు అంచును ముక్కుతో కొరికి పట్టుకుని ఎగురుతుంది. ఆ ఊపుకు ఆకు నిలువునా చీలి సన్నటి నార దాని నోట మిగులుతుంది. ఆ నారను మట్ట చివర చుట్టి ముడి వేస్తుంది. ముడి మీద ముడి పడి మొదట ఒక కడియం తయారవుతుంది. పక్షి ఆ కడియంలో కూర్చుని, తన ముక్కు అందినంత మేర చుట్టూ అల్లుకుంటూ పోతుంది. గూడు గుండ్రదనం దాని మెడ కొలతే. కొద్ది రోజులకు బోర్లించిన బుట్ట ఆకారం వస్తుంది. అక్కడ పని ఆపేస్తుంది.

ఆపింది అలిసిపోయి కాదు, ఆడ పక్షి ఒప్పుకోలు కోసం. గూటి కింద వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ మగవి అన్నీ ఒక్కసారిగా పిలుస్తాయి. ఆడ పక్షి వచ్చి ఒక గూట్లోకి దూరుతుంది, నారలను లాగి చూస్తుంది, బయటికి వచ్చి పక్క గూట్లోకి పోతుంది. దానికి నచ్చితేనే మగ పక్షి గుడ్ల అర పూర్తి చేసి, కింది నుంచి పొడవాటి గొట్టం అల్లుతుంది. నచ్చని గూళ్లు సగంలోనే ఆగి ఎండిపోతాయి. అక్టోబరులో గాలికి రాలిపడిన గూళ్లలో గొట్టం లేనివి ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ సంసారం గుట్టు శాస్త్రానికి చెప్పినవాడు సలీం అలీ. చేతిలో ఉద్యోగం లేని రోజుల్లో, 1930లో, బొంబాయికి దగ్గరున్న కిహీం అనే తీరగ్రామంలో ఉంటూ ఇంటి పక్క చెట్టు మీది గిజిగాళ్లను రోజుల తరబడి కనిపెట్టి చూశాడు. ఒక మగ పక్షి ఒక గూడు అప్పగించగానే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో జోడీని వెతుక్కుంటుందని ఆయన నమోదు చేశాడు. ఖరీదైన పరికరాలేమీ లేవు. ఒక చెట్టు, రోజూ అదే చెట్టు, చేతిలో నోటు పుస్తకం. పరిశోధన అంటే భయపడే నా విద్యార్థులకు ఏటా ముందు చెప్పేది ఈ కథే.

గూటి గోడకు లోపల గిజిగాడు తడి మట్టి మెత్తుతుంది. ఆ మట్టిలో మిణుగురులను అతికించి దీపాలు పెట్టుకుంటుందని మన పల్లెల్లో చెప్పుకుంటారు. మట్టి మెత్తడం నిజం, దీపాల మాట ఊహ. అయినా ఆ ఊహ కట్టిన పల్లె మనిషి గూట్లోకి తొంగిచూశాడు, మట్టిని గమనించాడు, దానికి ఒక కారణం వెతికాడు. శాస్త్రం కూడా అక్కడే మొదలవుతుంది.

వరి నీడలో మినుము

రైలు నిడుబ్రోలులో ఆగినప్పుడు నాకు ఎన్.జి. రంగా గుర్తొస్తారు. 1900లో ఆ ఊళ్లో రైతు ఇంట పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రం బోధించిన ఆచార్యుడు. అంత చదువూ చదివి మళ్లీ ఈ ఊరికే వచ్చి 1933లో రైతుల కోసం విద్యాలయం పెట్టారు. ఇప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆయన పేరుతోనే ఉంది. ఆ విశ్వవిద్యాలయపు పాత కళాశాల, 1945లో మొదలైనది, ఇదే లైనులో ఇంకొన్ని స్టేషన్ల అవతల బాపట్లలో ఉంది.

బాపట్లలో తయారైన ఒక వరి గింజ దేశమంతా తిరిగింది. 1986లో విడుదలైన బీపీటీ 5204, అందరి నోటా సాంబ మసూరి. సన్న గింజ, మెత్తటి అన్నం. కోతకు రావడానికి 5 నెలలు పట్టినా, తెగుళ్లకు తొందరగా లొంగినా రైతు దాన్ని వదల్లేదు, తినేవాళ్లు అసలే వదల్లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం శాస్త్రవేత్తలు కలిసి, ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చారు. మన ఇంటి గిన్నెలోని అన్నం వెనక ఇంత చదువు ఉంది.

డిసెంబరు తొలి రోజుల్లో కిటికీ అవతల చేలు బంగారు రంగుకు తిరుగుతాయి. ఆ పండిన వరిలోనే డెల్టా రైతు ఇంకో పైరు మొదలుపెడతాడు. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరి మధ్యకు మినుము గింజలు చల్లుతాడు. దుక్కి లేదు, సాలు లేదు, తర్వాత నీటి తడీ లేదు.

వేమూరులో ఎక్కే ఒక పెద్దాయన్ని నేను బాబాయ్ అంటాను. చల్లే రోజు ఎలా తెలుస్తుందని అడిగితే ఆయన చెప్పిన మాట ఏ పుస్తకంలోనూ అంత పొందికగా చదవలేదు.

"చెప్పులిప్పి చేలో అడుగేస్తా మాస్టారూ. మడమ దిగబడకూడదు, అరికాలుకు తడి అంటాల. ఆ రోజే చల్లాల. ముందు చల్లితే కుళ్లుద్ది, ఒక్కరోజు ఆగితే మొలవదు."

వరి కోశాక మోళ్ల మధ్య మొలకలు తల ఎత్తుతాయి. దగ్గరికెళ్లి ఒక మొలకను మట్టితో సహా లేపి చూస్తే విషయం తెలుస్తుంది. పైన రెండు చిన్న ఆకులు, కింద దానికి ఎన్నో రెట్లు పొడుగైన తల్లివేరు. నల్లరేగడి నేల పైనుంచి ఎండుతూ, నెర్రెలిస్తూ పోతుంటే, దిగిపోతున్న తడి వెంట వేరు కూడా దిగుతూ ఉంటుంది. పక్కవేళ్ల మీది బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఎరువుగా ఇస్తుంది. తెల్లవారుజామున కురిసే మంచు ఆకులను తడుపుతుంది. జనవరిలో తొలి రైలు ఎక్కితే మినుము చేల మీద పొగమంచు పరుచుకుని, తాటిచెట్ల తలలు మాత్రమే పైకి కనిపిస్తాయి. నేల దాచుకున్న తడితోనే ఒక పంట పండిపోతుంది. ఈ మధ్య కాలంలో పల్లాకు తెగులు దెబ్బకు చాలా చోట్ల మినుము పోయి, దున్నకుండా వేసే మొక్కజొన్న వచ్చింది. అందుకే మినుము పచ్చదనం కనిపించిన చోట కళ్లు ఎక్కువసేపు ఆగుతాయి.

ఇసుక కింద మంచినీరు

అప్పికట్ల దాటాక నేల రంగు మారుతుంది. నల్లరేగడి పలచబడి ఇసుక తేలుతుంది. వరి తగ్గి సరుగుడు తోటలు, జీడిమామిడి, వేరుశనగ, మల్లెతోటలు కనిపిస్తాయి. ఒకప్పుడు సముద్రం ఇక్కడిదాకా ఉండేదనడానికి ఈ ఇసుకే సాక్ష్యం. సుమారు 6 వేల ఏళ్ల కిందట తీరం ఇప్పటికంటే ఎంతో లోపల ఉండేదనీ, కృష్ణ తెచ్చిన ఒండ్రుతో డెల్టా ముందుకు జరిగిన కొద్దీ పాత తీరాలు ఇసుక మెట్టలుగా మిగిలిపోయాయనీ భూగోళ శాస్త్రజ్ఞులు చెబుతారు. తీరానికి సమాంతరంగా సాగే ఆ మెట్టల మీదే పాత ఊళ్లు, తాటితోపులు, దారులు వెలిశాయి. రైలు దిగి బాపట్ల వీధుల్లో నడిచేవాళ్లు తెలియకుండానే ఒక పాత సముద్రపు ఒడ్డున నడుస్తున్నారు.

ఆ ఇసుకలో దొరువులు తవ్వుతారు. దొరువంటే నాలుగు వైపులా ఏటవాలుగా తవ్విన లోతు తక్కువ గుంట. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా అందులో ఊరేది మంచినీరు. అక్కడ పనిచేసే ఆడవాళ్లు రెండు చేతులా రెండు కుండలు ముంచి, గట్టెక్కి, నారుమడి మీద వానజల్లు కురిసినట్టు పోసుకుంటూ నడుస్తారు.

"పైపైన ముంచుకోవాల మాస్టారూ. ఆశపడి లోతు తవ్వితే ఉప్పు తేలుద్ది" అంది ఒకామె.

ఆమె చెప్పింది పూర్తిగా నిజం. ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటి కంటే తేలిక. అందువల్ల అది కిందికి కలిసిపోకుండా ఉప్పునీటి పైన ఒక పొరగా నిలుస్తుంది. ఈ లెక్కను నెదర్లాండ్స్‌లో బాడన్ గైబెన్, జర్మనీలో హెర్జ్‌బర్గ్ అనే ఇంజనీర్లు విడివిడిగా కనిపెట్టారు. సముద్రమట్టానికి 1 మీటరు పైన మంచినీరు నిలిస్తే, దాని కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా అది ఉప్పునీటిని అణిచి ఉంచగలదు. అదే లెక్క తిరగేస్తే భయం పుడుతుంది. పైన 1 మీటరు నీరు లాగేస్తే కింద 40 మీటర్లు ఉప్పు పైకి వస్తుంది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం వాళ్లు పాత దొరువు పద్ధతినే మెరుగుపరిచి, ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరిచి, పైపొర నీటిని మాత్రమే మెల్లగా తోడే ఏర్పాటు రూపొందించారు. కుండ పట్టిన చెయ్యి నేర్చిన మితం మోటారుకూ నేర్పాల్సి వచ్చింది.

బాపట్ల నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరానికి రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. సముద్రంలో ఎంత దూరం తిరిగినా, ఆడ తాబేలు తాను పుట్టిన తీరప్రాంతానికే గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తుంది. మగది ఒకసారి ఇసుక దాటి నీళ్లలోకి పోయిందంటే మళ్లీ నేల తొక్కదు.

చీకట్లో, టార్చి వెయ్యకుండా, అటవీ సిబ్బంది వెంట దూరంగా కూర్చుని చూశాను. నీటి అంచు నుంచి ఒక నల్లటి గుండ్రం కదిలి వచ్చింది. నాలుగు అడుగులు, ఆగడం, పెద్ద నిట్టూర్పు, మళ్లీ నాలుగు అడుగులు. అలలు అందని చోటు చూసుకుని వెనక తెడ్లతో గుంట తీసింది. ఒక తెడ్డుతో ఇసుక ఎత్తి పక్కన పోస్తే రెండోది అంచు రాలకుండా ఆనుకుంది. తాను తవ్వుతున్న గుంటను అది ఒక్కసారి కూడా చూసుకోలేదు, చూసుకునే వీలూ లేదు. వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపి నేలను గట్టిపరిచి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. కళ్ల వెంట కారే చిక్కటి నీరు ఏడుపు కాదు, ఒంట్లోని ఉప్పును బయటికి పంపే గ్రంథుల పని.

50 రోజులు అటూ ఇటూగా గుడ్లు పిగులుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడ పిల్లలు, తక్కువైతే మగ పిల్లలు ఎక్కువగా పుడతాయి. పుట్టిన పిల్ల వెలుతురున్న దిక్కుకు పాకుతుంది. చీకటి రాత్రి తీరంలో వెలుతురున్న దిక్కంటే సముద్రమే. మనం ఒడ్డున లైట్లు పెడితే అది రోడ్డు వైపు పాకి చచ్చిపోతుంది. అటవీ శాఖ గుడ్లను సేకరించి కంచె లోపల పొదిగించి పిల్లలను నీటి దగ్గర వదులుతోంది. తీరానికి విహారానికి వెళ్లేవాళ్లు చేయగల మేలు ఒకటుంది. ఆ మూడు నెలలూ, ఆ తర్వాత పిల్లలు నీళ్లు చేరేదాకా, రాత్రి ఇసుక మీద దీపాలు, మంటలు పెట్టకపోతే చాలు.

పట్టాలు ఆగిన చోట

రేపల్లె లైను నెమ్మదైనది. హైదరాబాద్ నుంచి రాత్రంతా నడిచి వచ్చే డెల్టా రైలు కూడా తెనాలి దాటాక తొందర మానుకుంటుంది. తిరుగు దారిలో రొయ్యలు, చేపల బుట్టలు ఎక్కుతాయి. వాటి వాసన పడనివాళ్లు పక్క పెట్టెకు పోతారు. నాకది మా ఊరి వాసన.

భట్టిప్రోలు దగ్గర కిటికీ పక్కకు తప్పకుండా జరుగుతాను. ఆ ఊరి దిబ్బలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతి భరిణెలు, వాటిలో స్ఫటికపు చిన్న భరిణె, బంగారు పూలు, పూసలు బయటపడ్డాయి. రాళ్ల మీది రాతను జార్జ్ బ్యూలర్ చదివి, కుబిరకుడనే రాజు పేరు వెలికి తీశాడు. దక్షిణాదిలో దొరికిన అతి ప్రాచీనమైన బ్రాహ్మీ రాతల్లో ఇదొకటి. తవ్వకానికి ముందే స్తూపపు పాలరాళ్లు కొన్ని కాలువ పనుల్లో కలిసిపోయాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ స్తూపం కట్టినప్పుడు సముద్రం ఇంకా దగ్గరగా ఉండేది. పల్లికోన అవతల నేల చాలావరకు అప్పటికి నీళ్లలోనే ఉండి ఉంటుంది. అమ్మ ఇంటికి పోయే దారిలో చివరి మజిలీ అంతా నది తర్వాత తెచ్చి పోసిన మట్టే అయి ఉండొచ్చు.

రేపల్లె నుంచి పెనుమూడి రేవుకు పోతే కృష్ణ కనిపిస్తుంది. అక్కడి నుంచి దివిసీమకు ఒకప్పుడు పడవల మీద దాటేవాళ్లు, ఇప్పుడు పులిగడ్డ వంతెన ఉంది. ఇంకా దిగువకు, నిజాంపట్నం, అడవులదీవి వైపు పోతే మడ అడవి మొదలవుతుంది. సూర్యలంకలో ఇసుక, ఇక్కడ బురద. రెండూ ఒకే సముద్రపు ఒడ్డులే. నది ముఖం దగ్గర సన్నటి ఒండ్రు దిగి బురదగా నిలిస్తే, దూరాన అలలు ఆ సన్నటి మట్టిని కడిగేసి బరువైన ఇసుకను మాత్రం ఒడ్డున పేరుస్తాయి. ఇసుక తాబేలును పిలిచింది, బురద మడను పిలిచింది.

మడచెట్టు బతికే తీరు ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి దాని మొదలును ఉప్పునీటిలో ముంచుతుంది. బురదలో గాలి ఉండదు. అందుకని దాని వేళ్లు కొన్ని కిందికి పోకుండా పైకి పెరుగుతాయి. ఆటుకు నీరు తీసినప్పుడు చెట్టు చుట్టూ పెన్సిలు మందాన వందల మొలకలు నిలబడి కనిపిస్తాయి. అవి మొలకలు కావు, గాలి పీల్చే వేళ్లు. తెల్లమడ ఆకును ఎండలో తిప్పి చూస్తే దాని మీద సన్నటి తెల్లటి పలుకులు మెరుస్తాయి. నాలుకతో తాకితే ఉప్పు. లోపలికి వచ్చిన ఉప్పును ఆకు గ్రంథుల గుండా బయటికి పంపేస్తోంది. పొన్న జాతి చెట్టు ఇంకో అడుగు ముందుకేసింది. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి పచ్చటి కాడగా ఎదిగి, అప్పుడు జారిపడుతుంది. బురద అందితే అక్కడే నాటుకుంటుంది, నీరు అందితే తేలుతూ పోయి ఇంకో ఒడ్డు వెతుక్కుంటుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం పోకూడదు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఆటు వేళ ఆ బురద మీద ఒక చెయ్యి మాత్రమే పెద్దదిగా ఉన్న పీతలు ఆ చేతిని ఎత్తి ఊపుతుంటాయి. నీళ్లు వదిలి బురద మీద గెంతే చేపలు తిరుగుతుంటాయి. రాత్రి అయితే బావురుపిల్లి దిగుతుంది. నీళ్లంటే బెదరని పిల్లి ఇది. వేళ్ల మధ్య కొద్దిపాటి చర్మంతో, పొట్టి తోకతో, కాలువ అంచున కదలకుండా కూర్చుని పంజాతో చేపను లాగుతుంది. ప్రపంచంలో తగ్గిపోతున్న జాతుల్లో ఒకటైన ఆ పిల్లికి కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఒక ముఖ్యమైన ఆశ్రయం. 1989లో ప్రకటించిన ఈ అభయారణ్యం 195 చదరపు కిలోమీటర్లకు దగ్గరగా, నదికి రెండు వైపులా పరుచుకుని ఉంది. ఆ పిల్లిని కళ్లారా చూసినవాళ్లు తక్కువ. తెల్లారి బురద మీద అడుగుజాడలు చూసి, రాత్రి వచ్చిందని జాలర్లు చెప్పుకుంటారు.

రాసి పెట్టుకోవలసిన కాలం

1977 నవంబరు 19 రాత్రి ఈ తీరం మీద ఉప్పెన విరుచుకుపడి 10 వేల మందికి పైగా పోయారు. మా అమ్మ తరానికి కాలం ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని రెండు ముక్కలు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటి, కోతకొచ్చిన వరిని నేలకు పరిచింది. మడ అడవి దట్టంగా ఉన్నచోట అల వేళ్ల మధ్య చిక్కి బలం కోల్పోతుందని తీరపు ఊళ్లకు తెలుసు. ఆ అడవిని కొట్టి రొయ్యల చెరువులు తవ్విన చోట ఆ అడ్డు లేదు. పైన శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది. నది తెచ్చే మట్టి తగ్గితే, వేల ఏళ్లు ముందుకు జరిగిన డెల్టా కొన్నిచోట్ల వెనక్కి కోసుకుపోవడం మొదలవుతుంది, మొదలైంది కూడా.

ఇలాంటి మార్పు ఒక్కరోజులో కనబడదు. అందుకే నా తరగతిలో చేరిన ప్రతి బ్యాచికీ ఒక పని అప్పగిస్తాను. మీరు వచ్చే దారిలో ఒక చోటు ఎంచుకోండి. తాటిచెట్టు కావచ్చు, కాలువ మలుపు కావచ్చు, ఇసుక మెట్ట కావచ్చు. రోజుకు ఒక్క వాక్యం రాయండి. తేదీ తప్పకూడదు. మొదటి నెల పిల్లలు విసుక్కుంటారు. రాయడానికి ఏమీ లేదంటారు. వర్షాలు పడ్డాక వాక్యాలు పొడుగవుతాయి. పల్లికోన నుంచి వచ్చే ఒక అమ్మాయి కాలువకు నీరొచ్చిన తేదీ, గిజిగాడు మొదటి కడియం కట్టిన తేదీ, వాళ్ల నాన్న మినుము చల్లిన తేదీ, చల్లకుండా మొక్కజొన్న వేసిన ఏడూ రాసుకొచ్చింది. చదువు అయిపోయినా మానలేదు. ఆ నోటు పుస్తకాన్ని మా విభాగంలో హెర్బేరియం బీరువాలో, ఎండబెట్టిన మొక్కల పక్కనే పెట్టాం. రేపు ఎవరైనా ఈ డెల్టా వాతావరణం ఎలా మారిందని పరిశోధించాలనుకుంటే ఉపగ్రహ చిత్రాలతో పాటు అది కూడా కావాలి. పై నుంచి తీసిన బొమ్మలో పొలం రంగు తెలుస్తుంది. ఆ ఏడు ఆ రైతు పంట ఎందుకు మార్చాడో పుస్తకంలోనే తెలుస్తుంది.

ఈ పని చెయ్యడానికి వృక్షశాస్త్రం చదవక్కర్లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య రోజూ వేలమంది తిరుగుతున్నారు. ఒక్కొక్కరు ఒక్కో చోటును ఏడాది పాటు గమనించి రాసినా, ఈ నేల ఎక్కడ ఎదుగుతోందో, ఎక్కడ కోసుకుపోతోందో, ఏ పక్షి రావడం మానేసిందో మనకు ముందే తెలుస్తుంది. తెలిస్తేనే మడ నరకొద్దని అడగగలం, దొరువు ఎండకుండా చూసుకోగలం, తీరంలో లైటు ఆర్పమని చెప్పగలం. ఒక పెన్ను, ఒక చిన్న పుస్తకం సంచిలో వేసుకోండి. ఈ జూన్‌లో కాలువకు నీళ్లొచ్చిన తేదీతోనే మొదలుపెట్టండి.